వేడినీటి గొట్టములలో ఒత్తిడి పెరుగుట : కారణములు, నివారణోపాయములు

నీరు వేడెక్కినకొలదియు వ్యాకోచము చెందునని మన పాఠశాల విద్యార్థులెల్లరును భౌతికశాస్త్ర పాఠములయందు చదివియే యున్నారు. గాజు కుప్పెను నీటితో నిండుగ నింపి, బిరడాలో సన్నని గొట్టమును దూర్చి, క్రింద దీపము నుంచినయెడల గొట్టములోని నీరు మెల్లమెల్లగా పైకి ప్రాకుటను ప్రయోగశాలలో చూచియు నుందురు. పరీక్షయందు రెండు మార్కులకు మాత్రమే పనికివచ్చునట్లు తోచు ఈ చిన్న సత్యము శీతల దేశములలో లక్షలకొలది యిండ్లయందు ప్రతిదినమును పనిచేయుచున్నది. దానిని మఱచినవారికి ధననష్టమును, ఒక్కొక్కప్పుడు ప్రాణభయమును కూడ కలుగుచున్నది. ఇండ్లను వెచ్చగా నుంచుటకై యేర్పఱుపబడిన వేడినీటి గొట్టములలో ఒత్తిడి యేల పెరుగును, పెరిగినప్పుడు దాని నెట్లు సరిచేయవలయును అను విషయమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఎండకాలమున చల్లదనమునకై వెదకుకొను మనకు ఇల్లు వెచ్చజేయు యంత్రముతో పనియేమి యని కొందఱు ప్రశ్నింపవచ్చును. మన తెలుగునాటనుండి విద్యకొఱకును, వైద్యవృత్తికొఱకును, ఇతరోద్యోగములకొఱకును బ్రిటను దేశమునకు పోయి యచట అద్దె యిండ్లలో కాపురముండువారు నేడు చాలమంది కలరు. అట్టివారు చలికాలపు మొదటి వారముననే వంటయింటి గోడకు తగిలించియున్న తెల్లని పెట్టెను, దాని క్రిందనున్న చిన్న గడియారము వంటి కొలత యంత్రమును చూచెదరు. దానిలోని ముల్లు దినదినమును ఎఱ్ఱగీటువైపు పోవుచున్నచో ఏమి చేయవలయునో వారికి తోచదు. రేపు మన విద్యార్థులలో కొందఱు అట్టి యిండ్లలో నుండవచ్చును. అంతియగాక, ఒక యంత్రమున కలిగిన దోషమును తర్కముచే నెట్లు పట్టుకొనవలయునో నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు.

మొదట ఈ యేర్పాటు ఎట్టిదో తెలిసికొందము. బ్రిటనులోని చాల యిండ్లలో బాయిలరు అను పెట్టెయందు వాయువు మండి నీటిని వేడిచేయును. ఒక పంపు ఆ వేడినీటిని గొట్టములగుండ ప్రతి గదిలోని గోడప్రక్క నమర్చిన ఇనుప రేడియేటర్లలోనికి నడపును. ఆ నీరు తన వేడిని గదికి ఒసగి, చల్లబడి, మఱల బాయిలరునకు తిరిగి వచ్చును. ఇట్లు ఆ నీరే సంవత్సరముల తరబడి తిరుగుచుండును. అది త్రాగుటకు గాని స్నానమునకు గాని వాడుకొను నీరు కాదు. తుప్పు పట్టకుండుటకై దానిలో మందులు కలుపుదురు. స్నానపు కొళాయికి పోవు వేడినీరు వేఱు. చాల బాయిలర్లలో ఈ రెండు నీళ్లును సన్నని లోహపు పలకల కిరుప్రక్కల ప్రవహించును. వేడి ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు పోవును గాని నీళ్లు మాత్రము కలిసికొనవు. ఈ పలకల సంగతి మఱల మనకు పనికివచ్చును గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయును.

పూర్వపు టిండ్లలో ఒత్తిడి పెరుగుట యను చిక్కే లేదు. ఇంటికప్పు క్రింది యటకమీద ఒక చిన్న తొట్టి యుండెడిది. గొట్టములలోని నీరు వేడెక్కి యుబ్బినప్పుడు అధికమైన నీరు ఆ తొట్టిలోనికి ఎక్కెడిది, చల్లారినప్పుడు దిగివచ్చెడిది. తొట్టి మూత గాలికి తెఱపియై యుండుటచే గొట్టములలోని ఒత్తిడి తొట్టియొక్క యెత్తునుబట్టియే యుండెడిది. ఇట్టి యిండ్లు బ్రిటనులో నేటికిని కలవు. అయితే అటకమీది తొట్టి చలికి గడ్డకట్టుటయు, తెఱపిగానున్న నీటిలో గాలి కలిసి ఇనుమునకు తుప్పు పట్టించుటయు సంభవించుచుండెను. అందుచేత తొట్టిని తీసివేసి, గొట్టములనన్నిటిని మూసివేసిన యేర్పాటు క్రమముగ వ్యాపించెను. మూసిన గొట్టములలో వేడినీటిని త్రిప్పు పద్ధతి క్రొత్తదికాదు. అమెరికాలో జన్మించి ఇంగ్లండున స్థిరపడిన పెర్కిన్సు అను యంత్రశిల్పి 1831 వ సంవత్సరముననే యిట్టి దానికి హక్కుపత్రము పొందియుండెను.

మూసిన పాత్రలో నీరుబ్బినచో ఏమగును? నీరు గాలివలె అణగునది కాదు. చోటు దొరకనియెడల అది గొట్టమునైన పగులగొట్టును. కావున ఇట్టి యేర్పాటులో తప్పక మూడు సాధనములుండును. మొదటిది ఒత్తిడిని చూపు కొలత యంత్రము. రెండవది ఉబ్బిన నీటికి చోటిచ్చు వ్యాకోచ పాత్ర. మూడవది, ఆ రెండును విఫలమైనప్పుడు ఇంటివారిని కాపాడు రక్షక కవాటము. ఈ మూడింటి ధర్మములను గ్రహించినవారికి తక్కిన సంగతులన్నియు సులభముగ బోధపడును.

కొలత యంత్రము బారు అను ప్రమాణములో ఒత్తిడిని చూపును. సుమారు 10 మీటర్ల యెత్తుగల నీటి స్తంభము తన యడుగున కలిగించు ఒత్తిడియే 1 బారు. బాయిలరు చల్లగా నున్నప్పుడు ముల్లు 1 మొదలు 1.5 బారు వఱకు నుండుట సామాన్యముగ మంచిది. మేడమీది రేడియేటరు వఱకు నీరెక్కుటకు అది చాలును. వేడెక్కినప్పుడు ముల్లు కొంచెము పెరిగి 2 బార్ల సమీపమునకు పోయి, చల్లారగానే మొదటి చోటికి తిరిగివచ్చుట సహజము. అది రోగము కాదు. 3 బార్లకు చేరునప్పటికి రక్షక కవాటము తెఱచుకొని, గోడలోనుండి బయటికి పోవు చిన్న రాగి గొట్టముగుండ నీటిని వెలుపలికి విడుచును.

వ్యాకోచ పాత్ర ఒక ఇనుప డబ్బా. దాని నడుమ ఒక రబ్బరు పొర కలదు. పొరకు ఒక ప్రక్క గాలి, రెండవ ప్రక్క గొట్టములలోని నీరు నుండును. నీరుబ్బినప్పుడు పొర వంగి, గాలి అణగి, నీటికి చోటు దొరకును. ఇచట 1662 వ సంవత్సరమున బాయిలు పండితుడు ప్రకటించిన సూత్రము మనకు తోడ్పడును. ఉష్ణోగ్రత మాఱనియెడల, వాయువుయొక్క ఒత్తిడిని దాని ఘనపరిమాణముచే గుణింపగా వచ్చు ఫలము ఎల్లప్పుడును ఒక్కటియే యని ఆ సూత్రము చెప్పుచున్నది.

ఒక లెక్క వేసి చూతము. ఒక యింటి గొట్టములలో మొత్తము 100 లీటర్ల నీరున్నదనుకొందము. 10 డిగ్రీల నుండి 80 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడిచేసినచో ఆ నీరు సుమారు 3 లీటర్లు పెరుగును. వ్యాకోచ పాత్ర 12 లీటర్లది. నీరు నింపకమునుపు దానిలోని గాలి ఒత్తిడి 0.75 బారు. కొలత యంత్రము వాయుమండలపు ఒత్తిడిని లెక్కింపదు గనుక మనము 1 బారు కలుపుకొనవలయును. 1.75 ను 12 చే గుణింపగా 21 వచ్చును. ఇక ముల్లు 1 బారు చూపువఱకు చల్లని నీరు నింపినచో నిజమైన ఒత్తిడి 2 బార్లు. గాలికి మిగిలిన చోటు 21 ని 2 చే భాగింపగా 10.5 లీటర్లు. బాయిలరు వెలిగించినపిదప 3 లీటర్ల నీరు పాత్రలోనికి చొచ్చుకొనివచ్చును, గాలికి 7.5 లీటర్లే మిగులును. 21 ని 7.5 చే భాగింపగా 2.8; దానినుండి 1 తీసివేయగా ముల్లు చూపునది 1.8 బార్లు. భయమునకు కారణమేమియు లేదు.

ఆ పాత్రలోని గాలియే కొంతకాలమునకు కాఱిపోయి, మునుపటి 0.75 బారు ఒత్తిడి లేకుండపోయినదనుకొందము. అప్పుడు గుణింపవలసినది 1 ని 12 చేత; ఫలము 12. చల్లని నీటితో ముల్లు 1 బారు చూపునప్పుడు గాలికి 6 లీటర్ల చోటు మాత్రమే యుండును. తక్కిన సగమును నీరాక్రమించును. వేడెక్కినపిదప 3 లీటర్లే మిగులును. 12 ని 3 చే భాగింపగా 4. ఒకటి తీసివేయగా 3 బార్లు. సరిగా రక్షక కవాటము తెఱచుకొను స్థానము! ఇల్లు మాఱలేదు, బాయిలరు మాఱలేదు, నీరు మాఱలేదు. సైకిలు పంపుతో నింపదగిన కొంచెము గాలి లోపించినందున ముల్లు 1.8 నుండి 3 కు ఎగబ్రాకెను. ఈ లెక్క తెలిసినవారు క్రొత్త బాయిలరు కొనవలెనని తొందరపడరు.

ఒత్తిడి పెరుగుటకు కారణములు మూలమున రెండే. ఉన్న నీరుబ్బుటకు చోటు చాలకపోవుట యొకటి; బయటినుండి క్రొత్త నీరు లోనికి చేరుచుండుట రెండవది. ఈ రెండింటిలో ఏది సంభవించినదో తెలిసికొనుటకు యంత్రమును విప్పనక్కఱలేదు. ముల్లు ఎప్పుడు కదలుచున్నదో గమనించిన చాలును. రాత్రి బాయిలరు ఆర్పి, అన్నియు చల్లారినపిదప ముల్లుయొక్క స్థానమును కాగితముమీద వ్రాసికొని, ఉదయమున వెలిగింపకమునుపే మఱల చూడవలయును. చల్లగా నుండగనే ముల్లు పెరిగినచో బయటి నీరు లోనికి వచ్చుచున్నదని నిశ్చయము. చల్లగా నున్నంతసేపు కదలక, వెలిగించిన వెంటనే వేగముగ పైకెక్కి, ఆర్పినపిదప దిగివచ్చినచో చోటు చాలుట లేదని నిశ్చయము. వేడిలో 3 బార్లును, చల్లారినపిదప సున్నకు సమీపమును చూపినయెడల, వేడిలో రక్షక కవాటము కొంత నీటిని వెలుపలికి విడిచినదనియు, ఆ లోటే చల్లారినపిదప కనబడుచున్నదనియు గ్రహింపవలయును.

సాధారణముగ జనులు చేయునది వేఱు. ముల్లు పైకెక్కగానే రేడియేటరు కొననున్న చిన్న మరను తాళపుచెవితో వదలుచేసి, గిన్నెలో కొంత నీటిని దింపివేయుదురు. ముల్లు దిగును; ఇంటివారు సంతోషింతురు. రెండు దినములలో మఱల ముల్లు పైకెక్కును. జ్వరముతోనున్నవాని నుదుట తడిగుడ్డ వేసి, రోగము కుదిరినదనుకొనుట యెట్టిదో యిదియు నట్టిదే. నీటిని దింపుట తాత్కాలికముగ నవసరమే. అపాయకరమైన ఒత్తిడి నట్లే యుంచరాదు. అయితే అది చికిత్స కాదు. పుండొకచోట, మందొకచోట అను సామెత యిచట చక్కగ నొప్పును.

ఇక ఒక్కొక్క కారణమునకు తగిన నివారణమును చెప్పుదుము. అన్నిటికంటె సులభమైనది మితిమీఱి నింపుట. ఇంటివారెవరో ముల్లు తక్కువగా నున్నదని కొళాయి తిప్పి, సరియైన చోట కట్టివేయక, 2 బార్ల వఱకు నీరు నింపియుందురు. అది వేడెక్కగానే 3 బార్లకు పోవును. దీనికి రేడియేటరునుండి చల్లని నీటిని 1 మొదలు 1.5 బారు వచ్చువఱకు దింపిన చాలును. తరువాత వారము దినములు ముల్లు నిలుకడగా నున్నచో రోగము తీఱినట్లే. మఱల పెరిగినచో వేఱు కారణమును వెదకవలయును.

వ్యాకోచ పాత్ర గాలి కోల్పోయినట్లు తోచినచో దానిని పరీక్షించు విధమిది. బాయిలరు నార్పి, పూర్తిగ చల్లారనిచ్చి, గొట్టములలోని ఒత్తిడిని సున్నకు దింపవలయును. పాత్రకొక ప్రక్క మోటారుకారు చక్రమునకుండునట్టి గాలి వాల్వు కలదు. దాని నడిమి సూదిని నొక్కినప్పుడు గాలి వచ్చినచో రబ్బరు పొర చెడలేదని చెప్పవచ్చును. నీరు వచ్చినచో పొర చినిగినది, పాత్రనే మార్చవలయును. గాలి మాత్రమే తక్కువైనచో, గొట్టములలోని నీరు బయటికి పోవు మార్గమును తెఱచియుంచి, తయారుచేసినవారి పుస్తకమున చెప్పిన ఒత్తిడికి, సాధారణముగ 0.75 మొదలు 1 బారు వఱకు, పంపుతో గాలి నింపవలయును. నీటి మార్గమును తెఱచియుంచుట ముఖ్యము. లేనియెడల మనము కొలుచునది గాలి ఒత్తిడి కాక, నీటి ఒత్తిడి యగును. పిమ్మట ఆ మార్గమును మూసి, ముల్లు తగిన చోటికి వచ్చువఱకు నీరు నింపి, రేడియేటర్లలోని గాలిని వదలవలయును. పాత్ర బాగుగనే యుండి, దానికిపోవు సన్నని గొట్టము తుప్పు బురదతో మూసికొనిపోవుటయు కలదు. అట్టిచో నీరు పాత్రను చేరనే చేరదు. గాలి యెంత నింపినను ఫలముండదు. ఆ గొట్టమును శుభ్రపఱచుటయే దానికి మందు.

బయటి నీరు లోనికి చేరు మార్గములలో మొదటిది నింపుడు గొట్టము. వీధినుండి వచ్చు మంచినీటి గొట్టమునకును, వేడినీటి గొట్టములకును నడుమ ఒక మెత్తని తీగల యల్లికగల గొట్టమును, దానికి కొళాయిలును అమర్చియుందురు. నీరు తగ్గినప్పుడు నింపుటకే యది. వీధి నీటి ఒత్తిడి సాధారణముగ బాయిలరు ఒత్తిడికంటె నెక్కువ. కొళాయిలోని రబ్బరు బిళ్ల అరిగిపోయినను, ఇసుక రేణువొకటి చిక్కుకొన్నను, ఎవరైన చివరివఱకు కట్టక వదలినను, చుక్కచుక్కగా రేయింబవళ్లు నీరు లోనికి చేరుచుండును. నింపిన పిమ్మట ఆ గొట్టమును విప్పి, రెండు కొనలకును మూతలు బిగించుటయే సరియైన పద్ధతి. విప్పినపిదప మంచినీటివైపు కొన చుక్కలు కార్చుచున్నచో దోషి దొరికినట్లే. ఆ కొళాయిని మార్చినచో చిక్కు తీఱును. కొన్ని బాయిలర్లలో ఈ నింపుడు మార్గము లోపలనే యమర్చబడి యుండును. అచట ఈ పరీక్ష గృహస్థునకు సాధ్యము కాదు.

నింపుడు గొట్టమును విప్పి తీసినను చల్లని ముల్లు పెరుగుచునేయున్నచో, మేము మునుపు చెప్పిన లోహపు పలకలను అనుమానింపవలయును. పలకలో సూదిమొనయంత రంధ్రము పడినను, మంచినీటివైపు ఒత్తిడి యెక్కువ గనుక ఆ నీరు రేడియేటర్ల నీటిలోనికి చొచ్చుకొనిపోవును. దీనిని పరీక్షించుటకు ఇంటికి నీరు వచ్చు ప్రధానపు కొళాయిని కట్టివేసి, వంటయింటి కొళాయి నొకదానిని తెఱచి, మంచినీటి గొట్టములలోని ఒత్తిడిని తీసివేయవలయును. అప్పుడు పెరుగుట యాగి, ముల్లు మెల్లగా దిగజాఱ మొదలిడినచో, ఇప్పుడు నీరు రంధ్రముగుండ వెనుకకు పోవుచున్నదని యర్థము. ఇందలి యపాయమును పాఠకులు గమనింపవలయును. తుప్పు మందులు కలిసిన నీరు త్రాగు నీటితో కలియుటకు మార్గమేర్పడినది. కావున ఈ పరీక్షలో కొళాయినుండి వచ్చిన నీటిని పాఱబోయవలయునే గాని వంటకు వాడరాదు. ఈ పలకల పెట్టెను అతుకు వేయుట లేదు. క్రొత్తది వేయుటయే దారి. వేడినీటిని నిలువచేయు పెద్ద పీపాయిగల యిండ్లలో ఆ పీపాయి లోపలి గొట్టపు చుట్టకు రంధ్రము పడినను ఇట్టి లక్షణములే కనబడును.

ఇవన్నియు వెదకుటకు ముందే కొలత యంత్రము నిజము చెప్పుచున్నదో లేదో చూచుకొనుట మంచిది. గొట్టములలోని ఒత్తిడిని పూర్తిగ తీసివేసినను ముల్లు 1 బారు చూపుచున్నచో తప్పు ముల్లుదే. అబద్ధపు సాక్షిని నమ్మి తీర్పు చెప్పరాదు గదా!

రక్షక కవాటమును గూర్చి విశేషముగ చెప్పవలసియున్నది. ఫ్రాన్సు దేశీయుడైన డెనిస్ పాపిను 1679 వ సంవత్సరమున లండను నగరమున, మూతబిగించిన పాత్రలో ఎముకలను మెత్తగా వండు యంత్రమును ప్రదర్శించెను. ఒత్తిడి మితిమీఱినప్పుడు ఆవిరి తనంతట తానే వెడలునట్లు బరువుతో నొక్కియుంచిన కవాటమును దానికి అమర్చినవాడును ఆయనయే. మన యిండ్లలో పప్పు ఉడుకునప్పుడు ఈలవేయు ప్రెషరు కుక్కరు ఆ పాత్ర సంతతిలోనిదే. కుక్కరుమీది బరువును చేతితో నొక్కిపట్టి వంటచేయు తల్లి యెక్కడను కనబడదు. అట్లయ్యు, గోడవెలుపలి రాగి గొట్టమునుండి నీరు కారుచున్నదని విసిగి, దాని కొనను బిరడాతో మూసివేయువారు లేకపోలేదు. ఇంతకంటె తెలివిమాలిన పని వేఱొకటి లేదు. ఆ గొట్టము కారుచున్నచో అది మనకు హితవు చెప్పుచున్నదన్నమాట. ఒకమాఱు తెఱచుకొన్న కవాటము, దాని పీఠముమీద తుప్పు రేణువు చిక్కుకొని, తరువాత సరిగా మూసికొనకపోవుటయు కలదు. అప్పుడు కవాటమును మార్చవలయును, మూయరాదు.

ఇచటనే మఱియొక విషవలయము పుట్టును. కవాటము నీటిని కార్చును; ముల్లు దిగును; ఇంటివారు కొళాయి తిప్పి క్రొత్త నీరు నింపుదురు; వేడెక్కగానే మఱల కవాటము తెఱచుకొనును. ప్రతిమాఱును లోనికివచ్చు క్రొత్త నీటితో క్రొత్త ప్రాణవాయువు వచ్చి ఇనుప రేడియేటర్లను లోపలనుండి తినివేయును. సున్నపు పాలెక్కువగల నీరైనచో బాయిలరు లోపల పొర కట్టును. తుప్పు మందు పలుచబడి శక్తి కోల్పోవును. నల్లని బురద పేరుకొని పంపును, సన్నని దారులను మూసివేయును. కొంచెము గాలితో తీఱవలసిన రోగము రెండు చలికాలములలో బాయిలరు నంతయు మార్చువఱకు ముదురును.

ఈ పనులలో గృహస్థుడు చేయదగినవేవి, చేయరానివేవి? ముల్లును గమనించుట, నింపుడు గొట్టమును కట్టుట, విప్పుట, రేడియేటరునుండి నీటిని దింపుట, గోడవెలుపలి గొట్టమును చూచుట — ఇవి యెవరైనను చేయవచ్చును. బాయిలరు పెట్టె మూతను విప్పుట మాత్రము చేయరాదు. చాల బాయిలర్లలో ఆ మూతయే పొగను లోపల నిలుపు కవచము. అది సరిగా బిగియనిచో రంగును వాసనయు లేని విషవాయువు నిద్రించుచున్న కుటుంబమును హతమార్చగలదు. బ్రిటనులో 1998 నాటి వాయురక్షణ నిబంధనల ప్రకారము వాయు యంత్రములపై వృత్తిగ పనిచేయువారు నమోదు చేయించుకొనినవారై యుండవలయును. 2009 ఏప్రిల్ 1 నుండి ఆ నమోదు పట్టికకు గ్యాస్ సేఫ్ రిజిస్టరు అని పేరు. వ్యాకోచ పాత్ర తఱచుగా బాయిలరు లోపలనే యుండును గనుక, పైన చెప్పిన గాలి నింపు పనియు, పలకలను మార్చు పనియు అట్టివారికే విడువవలయును. పద్ధతిని మేము వివరించుట పాఠకులు స్వయముగ చేయుటకుగాక, చేయువాడు సరిగా చేయుచున్నాడో లేదో తెలిసికొనుటకే.

అద్దె యింటనుండువారికి మఱియొక మాట. ఇంగ్లండున సామాన్యముగ అద్దెకిచ్చిన యింటిలోని వెచ్చజేయు యేర్పాటును బాగుచేయించుట 1985 నాటి చట్టము ననుసరించి యజమాని విధి. వాయు యంత్రములను సంవత్సరమున కొకమాఱు పరీక్ష చేయించి, ఆ పత్రమును అద్దెదారునకు ఇచ్చుటయు అతని విధియే. కావున క్రొత్తగా పోయిన విద్యార్థి సంకోచింపక, ముల్లు ఏ దినమున, ఏ గంటకు, చల్లగానో వేడిగానో, ఎచట నున్నదో నాలుగు దినములు వ్రాసి, ఆ పట్టికతో యజమానికి తెలియజేయవలయును. బాయిలరు చెడినదను ఒక్కమాటకంటె ఆ నాలుగు పంక్తుల పట్టిక పనివానికి పదిరెట్లు ఉపకరించును. అనవసరమైన ఖర్చును తప్పించును.

వెదకవలసిన క్రమమును సంగ్రహముగ చెప్పుదుము. ముందు ముల్లును పరీక్షింపుడు. తరువాత చల్లని వేళ పెరుగుచున్నదా, వేడి వేళనా యని చూడుడు. చల్లని వేళ పెరిగినచో నింపుడు గొట్టమును, దాని తరువాత లోహపు పలకలను, పీపాయిలోని చుట్టను అనుమానింపుడు. వేడి వేళ పెరిగినచో మితిమీఱి నింపితిరేమో చూచి, తరువాత వ్యాకోచ పాత్రను, దాని గొట్టమును పరీక్ష చేయింపుడు. ఏది దొరికినను, ఒత్తిడి నొకమాఱు మితిమీఱనిచ్చిన రక్షక కవాటమును కూడ చూపింపుడు. ఈ క్రమమును తప్పినవారు బాగుగనున్న భాగములను మార్చి, చెడినదానిని నిలుపుకొందురు.

ముల్లును క్రిందికి దింపుట క్షణములో పని. అది యేల పైకెక్కెనో తెలిసికొనుటకు ఒక రాత్రి ఓర్పును, ఒక కాగితమును, కొంచెము తర్కమును కావలయును. మన విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చు బాయిలు సూత్రమును, వ్యాకోచ నియమమును పరీక్ష ముగియగానే మఱచిపోక, తాము ఏ దేశమున నివసించినను తమ చుట్టునున్న యంత్రములయందు వెదకి చూచుదురుగాక. చదివిన సత్యమును చేతిపనిలో గుర్తించినవాడే దానిని నిజముగ నేర్చినవాడని మా యభిప్రాయము.